ర్యాంకుల బడా, మాంటిస్సోరియా, ప్రాజెక్టుల బడా: విజయవాడ, గుంటూరు తల్లిదండ్రుల కోసం ఒక పోలిక

సంక్రాంతి దాటిందంటే విజయవాడలో బెంజి సర్కిల్ నుంచి పటమట దాకా, గుంటూరులో బ్రాడీపేట నుంచి లక్ష్మీపురం దాకా స్కూళ్ల ఫ్లెక్సీలే. ఒకదాని మీద ర్యాంకులు, ఇంకోదాని మీద మాంటిస్సోరి, మరోదాని మీద యాక్టివిటీ బేస్డ్ లెర్నింగ్. నాలుగేళ్ల పాపను ఎక్కడ చేర్పించాలి, ఆరో తరగతికి వచ్చిన బాబును ఉన్నచోటే ఉంచాలా మార్చాలా అని ఇళ్లల్లో టెన్షన్ మొదలవుతుంది. పక్కింటివాళ్లు ఒకటి చెబుతారు, బావగారు ఇంకొకటి చెబుతారు.

ఈ బోర్డుల వెనక వందేళ్లకు పైబడిన వాదన ఉంది. పిల్లలు ఎలా నేర్చుకుంటారు, అసలు చదువు దేనికోసం అన్న ప్రశ్నలకు ఒక్కొక్కరు ఒక్కో జవాబు ఇచ్చారు. ఆ జవాబును బట్టి తరగతిలో టీచరు ఎక్కడ నిలబడాలన్న దగ్గర్నుంచి నోటుబుక్కులో ఎర్ర ఇంకు దాకా అన్నీ మారిపోతాయి. నా అభిప్రాయం ముందే చెబుతాను. లోటు లేని పద్ధతి ఒక్కటీ లేదు. ఏ బడి వదిలేసినదాన్ని మీ ఇల్లు పూరించగలదో ఆ బడే మీ పిల్లలకు సరైనది. పక్కింటి పిల్లాడికి బాగా కుదిరిన బడి మీ పిల్లాడికి కుదరకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

ముందు ఏం చూసుకోవాలి

అన్నిటికన్నా ముందు తప్పు సంగతి చూడండి. పిల్లాడు తప్పు జవాబు చెబితే ఆ తరగతిలో ఏం జరుగుతుంది? కూర్చోమంటారా, పక్కవాణ్ని అడుగుతారా, పదిసార్లు రాయిస్తారా, ఎలా వచ్చిందో చెప్పమంటారా? బడి నమ్మే సిద్ధాంతం బ్రోషర్‌లో కన్నా ఇక్కడే స్పష్టంగా బయటపడుతుంది. కింద ప్రతి పద్ధతినీ ఈ ప్రశ్నతోనే పరీక్షిద్దాం.

తర్వాత వయసు. నాలుగేళ్ల పాపకు సరిపడేది పద్నాలుగేళ్ల అబ్బాయికి సరిపడదు. మన దగ్గర జరిగే పెద్ద పొరపాటు పద్నాలుగేళ్లవాడికి పెట్టే టైంటేబుల్‌ను ఆరేళ్లవాడికి పెట్టడం. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును విడదీసి, ఆ దశలో ఆటపాటలతోనే చదువు సాగాలని చెప్పింది.

మూడోది మీ ఇల్లు. సాయంత్రం ఆరు తర్వాత పిల్లల దగ్గర ఎవరుంటారు? ఇంట్లో కథలు చెప్పే అమ్మమ్మ ఉందా, లెక్క చెప్పగలిగే అన్న ఉన్నాడా, పుస్తకాలున్నాయా? తల్లిదండ్రులిద్దరూ రాత్రి ఎనిమిదింటికి గానీ రాని ఇంటికి ఒక లెక్క, బడి ముఖం చూసిన మొదటి తరం ఇంటికి మరో లెక్క.

ఫీజు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. దూరం మాత్రం చిన్న విషయం కాదు. ఐదేళ్ల పిల్ల రోజుకు రెండు గంటలు బస్సులోనే గడిపితే ఎంత గొప్ప పద్ధతైనా ఆ అలసటలో కొట్టుకుపోతుంది.

పోల్చడానికి వీలుగా మనందరికీ తెలిసిన ఒకే పాఠాన్ని అన్ని బడుల్లోకీ తీసుకెళదాం. కృష్ణా నది, ప్రకాశం బ్యారేజీ.

ర్యాంకుల బడి

ఈ తరగతిలో బ్యారేజీ పాఠం ఇలా ఉంటుంది: పాత ఆనకట్ట 1855లో పూర్తయింది, 1952లో తెగింది, కొత్త బ్యారేజీ 1957లో వచ్చింది, గేట్లు 70, పొడవు సుమారు 1,223 మీటర్లు. టీచరు చెబుతారు, పిల్లలు రాసుకుంటారు, మర్నాడు స్లిప్ టెస్ట్, శనివారం వీకెండ్ టెస్ట్. తప్పు రాస్తే మార్కు పోతుంది, మళ్లీ రాయాలి.

దీని వెనక రెండు ఆలోచనలున్నాయి. ఒకటి సారవాదం. ప్రతి తరం తర్వాతి తరానికి తప్పకుండా అందించాల్సిన గట్టి విషయజ్ఞానం కొంత ఉంటుంది, దాన్ని క్రమశిక్షణతో నేర్పడమే బడి పని అని ఇది అంటుంది. 1938లో అమెరికాలో విలియం బాగ్లీ అనే విద్యావేత్త ఈ వాదనను గట్టిగా ముందుకు తెచ్చారు. రెండోది ప్రవర్తనావాదం. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు థార్న్‌డైక్, ఆయన తర్వాత స్కిన్నర్ చెప్పింది ఏమిటంటే, పదేపదే చేసి, చేసిన వెంటనే ఫలితం చూసుకుంటే అది అలవాటుగా స్థిరపడుతుంది.

బట్టీ అని ఈ బడిని ఒక్క మాటలో కొట్టిపారేయడం నాకు నచ్చదు. తరచూ పరీక్ష రాయడం వల్ల విషయం ఎక్కువకాలం గుర్తుంటుందన్నది రుజువైన సంగతి. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. కొందరు ఒక భాగాన్ని మళ్లీ మళ్లీ చదివారు, కొందరు చదివింది గుర్తు తెచ్చుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లే మెరుగు. వారం తర్వాత అడిగితే గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు మెరుగు. స్లిప్ టెస్టుకు ఇంతకన్నా గట్టి సమర్థన అక్కర్లేదు. ఎక్కాలు, రసాయన సంకేతాలు, ఇంగ్లీషు స్పెల్లింగులు నోటికి వచ్చి తీరాలి. అవి రాని పిల్లాడికి పై క్లాసుల లెక్కలో అడుగడుగునా బుర్ర ఆగిపోతుంది.

చిక్కు వేరే చోట ఉంది. 1953లో స్కిన్నర్ తన కూతురు చదివే నాలుగో తరగతి లెక్కల క్లాసు చూడ్డానికి వెళ్లారు. అక్కడ ఆయనను బాధపెట్టినవి రెండు. పిల్లలు లెక్క చేశాక అది ఒప్పో తప్పో వెంటనే తెలియడం లేదు. వచ్చినవాడూ రానివాడూ ఒకే వేగంతో నడవాల్సి వస్తోంది. ఆ బాధతోనే ఆయన బోధనా యంత్రం తయారుచేశారు. చిన్న చిన్న మెట్లు, వెంటనే జవాబు, ఎవరి వేగం వారిది. శిక్షించడాన్ని ఆయన జీవితాంతం వ్యతిరేకించారు. మన దగ్గర చాలా బడులు ఆయన నుంచి పరీక్షలను తీసుకుని మిగతావన్నీ వదిలేశాయి. పేపరు పది రోజులకు వస్తుంది, సెక్షన్లు మార్కులతో విడిపోతాయి, ర్యాంకు లిస్టు గోడకెక్కుతుంది. వెనకబడిన పిల్లాడికి తన తప్పు ఎక్కడుందో తెలియదు గానీ తన స్థానం ఎక్కడో మాత్రం తెలుస్తుంది. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. మంచి పద్ధతిలో పిల్లలకు పనికొచ్చే సగం వదిలేసి, భయపెట్టే సగం ఉంచుకున్నాం.

అందుకని ఈ బడి చూడ్డానికి వెళ్లినప్పుడు ఎన్ని పరీక్షలు పెడతారని అడగకండి. పేపరు ఎన్నాళ్లకు తిరిగి ఇస్తారు, తప్పులను క్లాసులో ఎవరు ఎలా వివరిస్తారు అని అడగండి. రెండు రోజుల్లో ఇచ్చి, ఒక్కో తప్పునూ కూర్చోబెట్టి చెప్పే బడి దొరికితే అది మంచి బడే.

మాంటిస్సోరి

మరియా మాంటిస్సోరి డాక్టరు. 1907లో రోమ్ నగరంలోని శాన్ లోరెంజో అనే పేదల వాడలో పిల్లల కోసం ఒక ఇల్లు తెరిచారు. 1939లో మద్రాసు అడయారు వచ్చి టీచర్లకు శిక్షణ మొదలుపెట్టారు. ఈలోగా ప్రపంచ యుద్ధం రావడంతో ఇటలీ దేశస్థురాలు కావడం వల్ల ఇక్కడే ఉండిపోవాల్సి వచ్చింది, 1946 దాకా ఉన్నారు. కాబట్టి ఇది మనకు నిన్నమొన్న వచ్చిన ఫ్యాషన్ కాదు. విజయవాడలో వి. కోటేశ్వరమ్మ గారు మాంటిస్సోరి పేరుతో పాఠశాల మొదలుపెట్టింది 1955లో. ఆమెకు 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఇక్కడ బ్యారేజీ పాఠం నాలుగేళ్ల పాపకు ఒక ట్రేతో మొదలవుతుంది. ట్రే మధ్యలో మట్టి దిబ్బ. పాప చుట్టూ నీళ్లు పోస్తుంది. అది ద్వీపం. పక్క ట్రేలో మట్టి మధ్య గుంట, అందులో నీళ్లు పోస్తే సరస్సు. ఆ పాపను ఆదివారం భవానీ ద్వీపానికి తీసుకెళ్లి చూడండి, పడవ దిగకముందే తను మీకు పాఠం చెబుతుంది.

ఈ పద్ధతి ప్రాణమంతా సామగ్రిలో ఉంది. గుంటల్లో కొయ్య బిళ్లలు పెట్టేటప్పుడు ఒకటి తప్పు గుంటలో పెడితే చివర్లో ఒక బిళ్లకు చోటు మిగలదు. తప్పయిందని ఎవరూ చెప్పక్కర్లేదు, వస్తువే చెబుతుంది. పాప తనే వెనక్కి వెళ్లి సరిచేసుకుంటుంది. అక్షరాలను గరుకు కాగితం మీద వేలితో దిద్దుతారు. పూసల దండలతో పది, వంద, వెయ్యి చేత్తో పట్టుకుని చూస్తారు. మూడేళ్లవాళ్లూ ఆరేళ్లవాళ్లూ ఒకే గదిలో ఉంటారు, చిన్నవాళ్లు పెద్దవాళ్లను చూసి నేర్చుకుంటారు. పొద్దున మూడు గంటలపాటు బెల్లు లేకుండా పని సాగుతుంది. టీచరు ఎక్కువ సేపు గమనిస్తూ, అవసరమైన పిల్ల పక్కన కూర్చుని మెల్లగా చూపిస్తారు.

మాంటిస్సోరి అనే పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు, దాని మీద ఒకరికంటూ హక్కు లేదు. ఇదే పెద్ద చిక్కు. రంగు కుర్చీలు, గోడ మీద బొమ్మలు, కానీ ఎల్‌కేజీ పిల్లలు వరుసగా కూర్చుని ఏ నుంచి జెడ్ దాకా నాలుగు గీతల పుస్తకంలో రాస్తూ ఉంటే అది ర్యాంకుల బడికి నర్సరీ మాత్రమే. మూడే ప్రశ్నలు అడగండి: టీచర్లు మాంటిస్సోరి శిక్షణ ఎక్కడ తీసుకున్నారు? వయసులు కలిపి కూర్చోబెడతారా? పొద్దున బెల్లు లేని సమయం ఎంత?

నిజమైన మాంటిస్సోరిలో చదివిన పిల్లలు ఒకటో తరగతికో రెండో తరగతికో మామూలు బడికి మారినప్పుడు కొన్ని నెలలు ఇబ్బంది పడతారు. లేచి తిరగడం అలవాటు, హోంవర్కు కొత్త, రాతలో వేగం తక్కువ. ఆ కొన్ని నెలలు ఇంట్లో ఓపిక పట్టాలి, ట్యూషన్ పెట్టించి బెదరగొట్టకూడదు. అంత ఓపిక మీకుంటే ఆరేళ్ల లోపు పిల్లలకు నేను ముందుగా చెప్పేది ఇదే.

ప్రాజెక్టుల బడి

అమెరికా తత్వవేత్త జాన్ డ్యూయీ 1896లో షికాగో విశ్వవిద్యాలయంలో ఒక ప్రయోగాత్మక బడి తెరిచారు. పిల్లలు అక్కడ వంట చేశారు, నేత నేశారు, వడ్రంగం చేశారు. వాటిలోంచే లెక్కలు, చరిత్ర, రసాయన శాస్త్రం నేర్చుకున్నారు. ఆ తర్వాత మనస్తత్వ శాస్త్రవేత్తలు పియాజే, విగోట్‌స్కీ ఆలోచనలు ఈ వైపుకు బలం ఇచ్చాయి. పిల్లలు జ్ఞానాన్ని తమ అనుభవంలోంచి తామే కట్టుకుంటారని పియాజే అన్నారు. ఒంటరిగా చేయలేనిది పెద్దవాళ్ల సాయంతో చేయగలిగే చోటే అసలు నేర్చుకోవడం జరుగుతుందని విగోట్‌స్కీ అన్నారు. మన 2005 జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం కూడా బట్టీకి దూరంగా, బయటి జీవితానికి దగ్గరగా చదువు ఉండాలని కోరింది.

ఇక్కడ ఏడో తరగతి పిల్లలు వరద రోజుల్లో బ్యారేజీ దగ్గరకు వెళతారు. ఎన్ని గేట్లు ఎత్తారో చూస్తారు. తూర్పు కాలువ, పడమర కాలువ ఎటు వెళతాయో పటం గీస్తారు. తెనాలి వైపు రైతును కలిసి నీళ్లు ఎప్పుడు వదులుతారో, ఆలస్యమైతే నాట్లు ఏమవుతాయో అడుగుతారు. గుంటూరు పిల్లలైతే మిర్చి యార్డుకు వెళ్లి టిక్కీ (మిర్చి బస్తా) తూకం, ధర, కమీషన్, లారీ కిరాయి లెక్కలు వేసి రైతు చేతికి చివరికి ఎంత వస్తుందో తేల్చవచ్చు. శాతాలు అంత బాగా ఇంకెక్కడా అర్థం కావు. లెక్క తప్పితే ఎక్కడ తప్పిందో వెతకడమే మర్నాటి పాఠం.

ఇది గట్టిగా నడవాలంటే టీచరుకు చెప్పే విషయం మీద గట్టి పట్టు ఉండాలి, తరగతి చిన్నదిగా ఉండాలి. విద్యాహక్కు చట్టం ప్రాథమిక తరగతుల్లో 30 మందికి, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో 35 మందికి ఒక టీచరు ఉండాలంటుంది. అరవై మంది ఉన్న సెక్షన్‌లో ప్రాజెక్టు అంటే రాత్రి పదకొండింటికి అమ్మ థర్మోకోల్ కోయడమే. ఏ అనుభవమైనా చదువే అయిపోదని డ్యూయీ కూడా 1938లో తన అనుచరులనే హెచ్చరించారు.

ఇంకో విషయం తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవాలి. మీరే కనుక్కోండి అని పిల్లలను వదిలేసే పద్ధతి కొత్తగా నేర్చుకునేవాళ్లకు నష్టం చేస్తుందని 2006లో కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ అనే పరిశోధకులు ఒక వ్యాసంలో గట్టిగా వాదించారు. ముందే కొంత తెలిసినవాడికి వెతుకులాట ఉపయోగపడుతుంది, ఏమీ తెలియనివాడికి అది గందరగోళం. ఇంట్లో పుస్తకాలు, చెప్పేవాళ్లు ఉన్న పిల్లలు ఇలాంటి బడిలో వెలిగిపోతారు. ఆ ఆసరా లేని ఇంటి పిల్లలకు ముందు స్పష్టంగా చెప్పి, చేసి చూపించి, ఆ తర్వాత ప్రాజెక్టులోకి దింపే టీచరు కావాలి.

చేతిపని చదువు, పోటీ లేని చదువు

మరో రెండు దారులు మన నేల మీద పుట్టినవే. 1937 అక్టోబరులో వార్ధా సమావేశంలో గాంధీజీ నయీ తాలీమ్ (కొత్త చదువు) ముందుకొచ్చింది. ఏడేళ్ల చదువు, మాతృభాషలో, ఒక చేతిపని కేంద్రంగా. జాకిర్ హుస్సేన్ కమిటీ దానికి పాఠ్య ప్రణాళిక రాసింది. ఆ ఆలోచన మన ప్రాంతానికి కొత్త కాదు. 1910లో మచిలీపట్నంలో ఆంధ్ర జాతీయ కళాశాల, 1922లో గుంటూరులో ఉన్నవ దంపతుల శారదా నికేతనం అప్పటికే చదువును చేతిపనితో కలిపి నడిపించాయి. ఇవాళ మన నగరాల్లో ఈ పద్ధతిలో నడిచే బడి కోసం వెతకడం కష్టం. కానీ ఈ లోటు పూరించడం ఇంట్లో సులువు. వారానికి ఒక పూట కుట్టు, వంట, మొక్కలు, సైకిల్ రిపేరు. పోగు తెగితే గుడ్డ చూపిస్తుంది, ఉప్పెక్కువైతే నాలుక చెబుతుంది.

రెండోది తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తిది. 1895లో మదనపల్లెలో పుట్టిన ఆయన, భయం ఉన్నచోట తెలివి వికసించదని, ఒక పిల్లవాణ్ని మరొకడితో పోల్చడమే హింస అని చెబుతూ వచ్చారు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ బడి ఆ ఆలోచనతోనే నడుస్తోంది. అక్కడా చివర్లో ఐసీఎస్ఈ బోర్డు పరీక్ష ఉంటుంది, ర్యాంకుల పోటీ మాత్రం ఉండదు. ఇలాంటి తరగతిలో నది గురించి రాయించే ముందు నది ఒడ్డున కాసేపు ఊరికే కూర్చోమంటారు. తప్పు చేసిన పిల్లాడితో మాట్లాడతారు, నలుగురిలో నిలబెట్టరు. విజయవాడ నుంచి అంత దూరం పిల్లలను హాస్టల్లో పెట్టడం అందరికీ కుదరదు. ఆ ఫీజూ అందరివల్లా కాదు. కానీ ఇంట్లో పోలిక మానేయడానికి ఫీజు అక్కర్లేదు.

| పద్ధతి | తప్పు చేస్తే | టీచరు పని | బాగా సరిపడే వయసు | ఇల్లు పూరించాల్సింది |
|---|---|---|---|---|
| ర్యాంకుల బడి | మార్కు పోతుంది, మళ్లీ రాయాలి | చెప్పడం, రాయించడం, పరీక్షించడం | 13 దాటాక | ఆట, నిద్ర, ధైర్యం, కథల పుస్తకాలు |
| మాంటిస్సోరి | వస్తువే చూపిస్తుంది | గమనించడం, ఒక్కొక్కరికీ చూపించడం | 3 నుంచి 6 | మారేటప్పుడు ఓపిక, రాత సాధన |
| ప్రాజెక్టుల బడి | ఎక్కడ తప్పిందో వెతుకుతారు | ప్రశ్నలు వేయడం, దారి చూపడం | 8 నుంచి 13 | ఎక్కాలు, వ్యాకరణం, సొంతంగా సాధన |
| నయీ తాలీమ్ | చేసిన పనిలోనే తెలుస్తుంది | పక్కన కూర్చుని పని చేయించడం | 7 నుంచి 14 | పరీక్షల అలవాటు |
| కృష్ణమూర్తి బడి | కూర్చుని మాట్లాడతారు | కలిసి చూడటం, భయం లేకుండా ఉంచడం | 10 దాటాక, హాస్టల్ కుదిరితే | పోటీ పరీక్షల తయారీ |

ఎవరికి ఏది

మీరిద్దరూ ఉద్యోగస్థులై, సాయంత్రం ఇంట్లో పెద్దవాళ్లెవరూ లేకపోతే, ప్రాజెక్టుల బడి బరువు చివరికి మీ మీదే పడుతుంది. పనులన్నీ తరగతిలోనే పూర్తిచేయించే బడిని చూడండి. పరీక్షలున్నా హోంవర్కు తక్కువగా ఉన్న మామూలు బడి, ఆదివారాలు మీతో గడిపే తీరిక, ఈ రెండూ కలిస్తే పిల్లలు బాగానే ఎదుగుతారు.

మీ ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటి తరం మీ పిల్లలే అయితే, స్పష్టంగా చెప్పి రాయించే బడికి మొగ్గండి. దగ్గర్లో మంచి టీచర్లున్న ప్రభుత్వ పాఠశాల ఉంటే దాన్ని ముందు చూడండి, ఫీజు లేదని చిన్నచూపు చూడకండి. తెలుగు చదవడం, రాయడం గట్టిపడకముందే పూర్తి ఇంగ్లీషులో పడేస్తే పిల్లలకు రెండు భాషలూ సగం సగమే వస్తాయన్నది నా గట్టి నమ్మకం.

భయస్తుడైన పిల్లాడు, పరీక్షంటే కడుపునొప్పి వచ్చే పిల్ల ఉంటే ర్యాంకు లిస్టు గోడకెక్కించే బడికి దూరంగా ఉంచండి. ఇందులో రాజీ వద్దు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. ఎలిమెంటరీ తరగతుల్లో చేర్చుకోవడానికి పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ వడపోత పరీక్ష పెట్టకూడదని 13వ సెక్షన్ చెబుతుంది. అడిగే హక్కు మీకుంది.

ఐఐటీ, ఈఏపీసెట్ ఆలోచన ఉన్నవాళ్లు చాలామంది ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ బ్యాచ్‌లో చేరుస్తున్నారు. ఆ వయసులో పిల్లలకు కావాల్సింది భిన్నాలు, నిష్పత్తులు, బీజగణితం బాగా అర్థం కావడం, ఒక పేజీ చదివి సొంతంగా అర్థం చేసుకోవడం. ఇవి ఉంటే ఎనిమిది, తొమ్మిదిలో సాధన పెంచినా సరిపోతుంది. పిల్లాడికి లెక్కలంటే నిజంగా ఇష్టమై అడిగితే పంపండి, మీ ఆదుర్దాతో పంపకండి.

బడి చూడ్డానికి వెళ్లేటప్పుడు ఓపెన్ హౌస్ రోజున కాకుండా మామూలు మంగళవారం, పదకొండు గంటలకు వెళ్లండి. ప్రిన్సిపల్ గదిలో కాఫీ తాగి వచ్చేయకుండా ఏదైనా తరగతిలో వెనక పది నిమిషాలు కూర్చోనివ్వమని అడగండి. ఒక్క తప్పు జవాబు వచ్చేదాకా ఆగండి, టీచరు ముఖమూ పక్కపిల్లల ముఖాలూ చూడండి. నోటుబుక్కులు తిరగేయండి. అందరి పుస్తకాల్లో ఒకే వాక్యం ఉంటే బోర్డు మీది నుంచి ఎక్కించారని అర్థం. పిల్లలు సొంత మాటల్లో రాసి, టీచరు పక్కన ఒక ప్రశ్న రాసి ఉంటే ఆ బడి గురించి తీరిగ్గా ఆలోచించండి.

ఉన్న బడి నుంచి మార్చాలనుకుంటే ఐదో తరగతి తర్వాతో, ఏడో తరగతి తర్వాతో మార్చండి. తొమ్మిది మధ్యలో మారిస్తే కొత్త టీచర్లు, కొత్త స్నేహితులు, పదో తరగతి బరువు ఒకేసారి మీద పడతాయి. మార్చే ముందు పిల్లలను కూడా ఆ బడికి తీసుకెళ్లి ఒక పూట కూర్చోబెట్టండి, ఇంటికొచ్చాక వాళ్లేం చెబుతారో పూర్తిగా వినండి.